జర వెన్న

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. తెలంగాణ బంద్ కూడా ఇవాళే. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక్క బేకరీ తెరవలేదు. తెరిచినా నీ ఫోటో ముందు నువ్వు చేసే క్రీము బిస్కెట్లే పెట్టాలంటూ మీ అమ్మాయి స్వప్న పైకి, మా వాటాలోకి వచ్చింది.

క్రీము కోసం నల్ల ద్రాక్ష రసం మరిగించి, చల్లార్చి, చక్కెర పొడిలో కలిపాను. చేతులు గిన్నెలో ఉన్నా చెవులు రోడ్డు మీదే ఉన్నాయి. ఎల్బీనగర్ వైపు నుంచి నినాదాలు దగ్గరవుతున్నాయి. మా ఆయన కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూ, "గుంటూరు వెళ్ళిపోదామంటే వినవేంటి?" అని మళ్ళీ అడిగారు.

బిస్కెట్ల పిండి కలిపేటప్పుడు నువ్వెప్పుడూ "జర వెన్నెయ్యి" అనేదానివి. నేను చెంచాడు వేసేదాన్ని. నా బిస్కెట్లు రాళ్ళయ్యేవి. ఇవాళా చెంచాయే తీశాను. స్వప్న నా చెయ్యి పట్టుకుంది.

"గంతేనా ఆంటీ? మా అమ్మ జర అన్నదంటే గిన్నె ఖాళీ కావాలె. గిన్నేండ్లు మా ఇంట్ల కిరాయికున్నవ్, గిది తెల్వదా?"

గిన్నెడు వెన్నా పిండిలో కలిపి, అడుగున ఉప్పు పోసిన కుక్కర్లో కాల్చి, ఆరాక రెండేసి మధ్య క్రీము పూసి అతికించాం. మొదటి జత నీకు పెట్టాం. రెండోది నా నోట్లో కరిగిపోయింది.

అంతలో మా ఆయన వచ్చి, "సామాన్లు సర్దనా?" అన్నారు.

"జర ఆగండి," అన్నాను.

కాసేపే అనుకుని ఆయన కుర్చీలో కూర్చున్నారు. నేనన్నది నీ కొలతలో, అక్కా.