తోక పట్టిన చెయ్యి

ప్రొద్దుటూరు, బుధవారం

ఆదివారం నా మనవరాలు సమీర పెంచుకుంటున్న జెర్బిల్, ఎలుకలాంటి చిన్న జంతువు, బియ్యం డబ్బా వెనక దూరింది. బోనులో చచ్చిన ఎలుకను తీసే అలవాటు కొద్దీ తోక పట్టి లాగాను. తోక కొసన చర్మం ఊడి నా వేళ్లకు వచ్చింది. దీన్ని రెండు అరచేతులతో కింది నుంచి ఎత్తాలే తప్ప తోక ముట్టకూడదని పశువుల డాక్టరు చెప్పాడు. అప్పటి నుంచి సమీర నాతో మాట్లాడలేదు.

ఈ సాయంత్రం తనే పిలిచింది. "అవ్వా, సబ్బుతో చేతులు కడుక్కోని ఈడ కింద కూర్చో. గింజలు పట్టుకోని కదలకుండా ఉండు. గద్దిస్తే వచ్చేదానికి అదేమన్నా నీ క్లాసులో పిల్లా?"

అరచేతిలో అయిదు పొద్దుతిరుగుడు గింజలు పెట్టుకున్నాను. పన్నెండు నిమిషాలకు అది వచ్చి, వాసన చూసి, చేతిలోకి ఎక్కి మూడు గింజలు తింది.

"చూడు, నిన్ను శానా నమ్మింది" అంది సమీర.

నన్ను నమ్మిందా, సబ్బు వాసనకు తోక లాగిన చెయ్యి ఇదేనని గుర్తుపట్టలేదా? రేపు సబ్బు లేకుండా కూర్చుంటే తెలిసిపోతుంది. కానీ అది బెదిరి పరుగెత్తితే, పక్కనే సమీర చూస్తూ ఉంటుంది.