తడి గోతం

జువ్వలదిన్నె నుంచి,

నాయనకు నీ కూతురు స్వర్ణ దండాలు పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అమ్మ, నేను, శివ ఒంట్లో బాగానే ఉన్నాం. మంగుళూరులో నువ్వూ, బోటు మీద మనవాళ్ళూ చల్లగా ఉన్నారని తలుస్తున్నాను. ఫోను చేద్దామంటే ఇంజను హోరుకి చెడిన నీ చెవులకి సగం మాటలు అందవు, మిగతా సగం పక్కవాళ్ళు నీ చెవి దగ్గర అరిచి చెప్పాలి. ఇది అలా అరిపించే సంగతి కాదు. అందుకే రాస్తున్నాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మకి మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది. హార్బరులో రొయ్యలు ఏరే పనికి పోవద్దంటే మాత్రం వినదు. "ఇంట్లో కూసుంటే కాళ్ళు బిగుసుకుపోతాయే" అని నా మీదే కోప్పడుతుంది. కావలి కాలేజీలో నా ల్యాబు ఉద్యోగం ఎప్పటిలాగే ఉంది. శివ మూడో సంవత్సరం బాగానే చదువుతున్నాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో నీ పాత వలలన్నీ ఒక మూలకి తోసి, మా కాలేజీలో పెట్టే మరమనుషుల పోటీకి తన మరమనిషిని అక్కడే తయారుచేశాడు. మరమనిషి అంటే కాళ్ళూ చేతులూ ఉంటాయనుకునేవు, అవేమీ లేవు. చక్రాల మీద పరుగెత్తే ఇనప పెట్టె. దాని ముందు గిర్రున తిరిగే ఉక్కు చక్రం, ఆ చక్రం అంచుకి రెండు పళ్ళు. ఎదుటి పెట్టెకి తగిలిందంటే ఎగిరి అవతల పడాల్సిందే.

"పందెం పెట్టి మళ్ళా వేగానికి హద్దేంది? కోడి కాలికి మొద్దు కత్తి కట్టమన్నట్టుండాదే" అని రాశావు. చదివి అమ్మా నేనూ పడీ పడీ నవ్వాం. కానీ నాయనా, ఆ హద్దు పెట్టెల కోసం కాదు, చుట్టూ నిలబడ్డ మనుషుల కోసం. చక్రం విరిగి ముక్క లేచిందంటే తూటాతో సమానం. పెట్టెలు తలపడే గోదా చుట్టూ కట్టిన మందపాటి ప్లాస్టిక్ గోడ కొంత దెబ్బకే తట్టుకుంటుంది. అందుకే చక్రం అంచు ఇంత వేగానికి మించకూడదని ఒక నిబంధన. స్విచ్చి ఆపాక నిమిషంలోగా చక్రం తనంతట తానే ఆగాలని ఇంకొకటి. పోటీకి ముందు వీటిని తనిఖీ చేసేవాళ్ళలో నేనూ ఉన్నాను. మా పెద్ద హరినాథ్ సార్. తమ్ముడి పెట్టె అని ఒక చూపు తక్కువ చూడకూడదని మొదటిరోజే అనుకున్నాను.

ఇంక అసలు సంగతికి వస్తాను.

శివ పెట్టెను తనిఖీ గదిలో పెట్టి తిప్పించాం. చిన్న గది, చుట్టూ ఆ గోడలే. మేమంతా బయటే. తలుపు వైపు శివ, ఎదురుగోడ దగ్గర మీటరూ గడియారమూ పట్టుకుని నేను. వేగం హద్దులోనే ఉంది. నాకు ఎంత సంతోషమేసిందో! "ఆపు" అన్నాను. వాడు స్విచ్చి ఆపాడు. నిమిషం అయింది. చక్రం తిరుగుతూనే ఉంది.

వాడికి ఆ సంగతే తెలియదు నాయనా. షెడ్డులో తిప్పిన ప్రతిసారీ, బోటు మీద వల లాగే, బ్రేకు వదులైన వించి దగ్గర నువ్వు చేసినట్టే, వాడూ తడి గోతం అదిమి ఆపేసేవాడు. దానంతట అది ఎంతసేపటికి ఆగుతుందో ఒక్కసారీ చూసుకోలేదు. ఆ రోజు కూడా నీళ్ళ బకెట్టు, అందులో గోతం, సామాన్లతో పాటు తెచ్చుకున్నాడు. మన ఇంట్లో పుట్టినదాన్ని, నాకూ వింతగా తోచలేదు. చూసి ఊరుకున్నాను.

వెనకనుంచి పిల్లలెవరో నవ్వారు. వాడి మొహం కందిపోయింది. గడియ తీసి, గోతం పట్టుకుని లోపలికి వంగాడు.

"తలుపు ముయ్యి శివా!" అని హరినాథ్ సార్ కేకేశారు.

"ఒక్క నిమిసం సార్, ఆపేస్తా. మా నాయన రోజూ చేసే పనే ఇది."

వాడికీ నాకూ మధ్య గది మొత్తం ఉంది. చుట్టూ తిరిగి వెళ్ళేలోపు అంతా అయిపోతుంది. గోడ మీద గుద్దాను. వాడు నన్ను చూసి నవ్వాడు. "భయపడబాక అక్కా. నాయన ఎట్ట ఆపతాడో నువ్వు చూళ్ళేదా?"

అప్పుడు నా నోట్లోంచి వచ్చేసింది. "నాయన మానేసినాడు రా! పోయిన నెల గోతం వించికి చుట్టుకొని చెయ్యి లాగేసింది! నీకు చెప్పొద్దన్నాడు!"

వాడు నా వైపు తిరిగాడు. పిడికిలి వదులైంది. గోతం కొస పళ్ళకి తగిలింది. ఒక్క చప్పుడు, అంతే, వాడి చేతిలో గోతం లేదు. పీలికలు వచ్చి నా మొహానికి ఎదురుగా గోడకి కొట్టుకున్నాయి. వాడి చేతిలో బిగువుంటే చెయ్యి కూడా దానితోనే పోయేది. వాడు అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. వేళ్ళన్నీ ఉన్నాయి. హరినాథ్ సార్ వాణ్ణి భుజం పట్టి ఇవతలికి లాగి తలుపు మూశారు.

వాడు నా దగ్గరికొచ్చి అడిగిన మొదటి మాట, "యే చెయ్యి అక్కా?"

"ఎడమ చెయ్యి."

"వేళ్ళుండాయా?"

"ఉండాయి. నలిగినాయి, అంతే."

అబద్ధం మీద అబద్ధం. నీకు అలాంటిదేమీ జరగలేదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. బంగారంలాంటి నీ చెయ్యి మీద అంత పాడుమాట ఎలా అన్నానో! ఇంటికి రాగానే కొక్కేనికి ఉన్న నీ చొక్కా తీసి, రాళ్ళ ఉప్పుతో దిష్టి తీసి, ఆ ఉప్పు సముద్రంలో వేసి వచ్చాను. అయినా మనసు కుదుటపడలేదు. అబద్ధమైతే అంత సులువుగా ఎందుకొచ్చింది? నువ్వు గోతం పట్టిన ప్రతిసారీ నేను దానికే భయపడుతున్నాను కాబట్టి. ఇన్నేళ్ళూ నీతో ఆ మాట అనే ధైర్యం లేకపోయింది.

మోటారుకి బ్రేకు ఏర్పాటు చేసుకుని మర్నాడు రమ్మని హరినాథ్ సార్ అవకాశం ఇచ్చారు. శివ వెళ్ళలేదు. పెట్టె అలాగే షెడ్డులో పడుంది. సరిగ్గా తినడం లేదు. "అమ్మకి చెప్పబాక" అని నాకే జాగ్రత్తలు చెబుతున్నాడు. పరీక్షలు కాగానే నిన్ను చూడటానికి మంగుళూరు రైలెక్కుతున్నాడు. ఈ ఉత్తరం వాడికంటే ముందు నీకు అందాలని కొరియరులో పంపుతున్నాను.

వాడు రాగానే నీ ఎడమ చెయ్యి పట్టుకుని చూస్తాడు. నిజం చెబుతావో, దాస్తావో నీ ఇష్టం. అక్క అబద్ధాలకోరు అని వాడు నా మొహం చూడకపోయినా ఓర్చుకుంటాను. కానీ బోటు ఓనరుతో పోట్లాడైనా ఆ వించి బ్రేకు బాగుచేయించు నాయనా. వాడు బోటెక్కి వించి పక్కన నిలబడినప్పుడు నీ చేతిలో గోతం కనిపించిందంటే, రేపు వాడూ మళ్ళీ పట్టుకుంటాడు. ఈసారి వాణ్ణి ఆపడానికి నా దగ్గర అబద్ధం కూడా మిగల్లేదు.

ఇట్లు,
నీ మీద ఇన్నాళ్ళకి పంతం పట్టిన నీ కూతురు,
స్వర్ణ