ముందు ఆ పిల్లని అడగవయ్యా

ప్రభాకర్,

నువ్వు చనిపోయి ఏడాదైంది. ఇవాళ పూర్ణా మార్కెట్ దగ్గర హాల్లో ఓ చిన్న సినిమా చూశాను. అందులో ఆడపిల్లలు మంచివాళ్ళను ప్రేమించరట! హాలంతా ఒకటే నవ్వు. ఎవడు చెప్పాడు వీళ్ళకి? చివర్లో ఆ మంచివాడైన హీరో, పిల్లనిమ్మని ఆమె తండ్రి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఉండబట్టలేక, “ముందు ఆ పిల్లని అడగవయ్యా!” అని అరిచాను.

“కూకోవమ్మా, సినిమా సూడనియ్యవేటి?” అన్నాడు వెనకాయన.

నువ్వూ అంతే. మా నాన్నను అడిగావు. “మీరు సర్చికెళ్ళేవోళ్ళు బాబూ, మాకు కుదర్దు” అన్నాడాయన. “అలాగేనండీ” అని తలవంచుకుని వెళ్ళిపోయావు. ఎంత బుద్ధిమంతుడో అని వీధంతా మెచ్చుకుంది. నన్ను అడిగే మర్యాద మాత్రం నీ మంచితనానికి తోచలేదు.

లోపల తలుపు చాటునే నిలబడ్డాను ప్రభాకర్, చెప్పులు తొడుక్కుని.