కానిస్టేబుల్ అడ్డుపడలేదు

అయ్యా,

మంగళవారం బట్టల కొట్టు తగలబడినప్పుడు నేను రాసిచ్చిన రిపోర్టులో అబద్ధం ఉంది. కానిస్టేబుల్ మన ఫైరింజన్ బండికి అడ్డుపడ్డాడని రాశాను. ఆ మాట నమ్మి పై అధికారులు ఆయన్ని సస్పెండ్ చేశారు.

నిజానికి ఆయన మాకేదో చెప్పాలని సందు మొదట్లో రెండు చేతులూ చాచి బండి ఆపాడు. నేను దూకి కాలర్ పట్టుకున్నాను.

"అన్నా, ముందు నా మాట విను," అన్నాడు.

"మా పని మాకు నేర్పకు," అని నెట్టేశాను.

మురికికాలవ గట్టు మీద పడి ఆయన మణికట్టు విరిగింది. మేం ముందువైపే నీళ్లు కొడుతూ ఉండిపోయాం. వెనక గదిలో కుట్టుపని చేసే ఆవిడ చిక్కుకుపోయింది. ఆయన చెప్పబోయింది అదే. చెయ్యి వేలాడుతుండగానే వెనక తలుపు తన్ని, ఆవిణ్ని బయటికి లాక్కొచ్చింది కూడా ఆయనే. మనవాళ్లంతా చూశారు. నా ముఖం చూసి ఎవరూ నోరు మెదపలేదు.

నిన్న ఆయన ఇంటికి వెళ్లాను. నాలుగు తిట్లు తింటే బరువు దిగుతుందనుకున్నాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, "ఆవిడ ఎలా ఉందన్నా? పొగ బాగా మింగింది," అని అడిగాడు.

ఈ నాలుగు రోజులూ నా ఉద్యోగం గురించే ఆలోచించాను. ఆవిడ బతికిందో లేదో కనుక్కోవాలని కూడా తోచలేదు.

ఆయన్ని తిరిగి డ్యూటీలోకి తీసుకోమని దయచేసి రాయండి. నాకు ఏ శిక్ష వేసినా సంతకం పెడతాను. ఈ కాగితం మీ బల్ల మీద ఉంచి ఆస్పత్రికి వెళ్తున్నాను.

తలెత్తి మీ ఎదుట నిలబడలేక,
మీ లీడింగ్ ఫైర్‌మన్