నాలుగంటే నాలుగు వేలు

వేలూరు,
గురువారం

ప్రియమైన మామకు,

నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది. అయిదో తరగతితో ఆగిన చదువు, తప్పులుంటే నవ్వుకోకండి. ఫోన్లో చెబుదామంటే టైల్సు కోసే మిషను మీ చెవులను సగం తినేసింది. అందుకే ఈ కాగితం మన ఊరికి వస్తున్న చెంగల్రాయలన్న చేతికిస్తున్నా.

మూడేళ్లు నిండినా మన మేఘనకు మాటలు సరిగా రాలేదని తీసుకొచ్చినాను కదా, ఇక్కడి ఆసుపత్రిలో చెవులు పరీక్ష చేసినారు. హెడ్‌ఫోన్ పెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా ఒక చెక్కముక్క డబ్బాలో వేయమన్నారు. బుద్ధిగా వేసింది. 250, 500, 750 దగ్గర వినబడిందని కాగితంలో గుర్తు పెట్టినారు. 2, 4 దగ్గర లేదు. అంకెల పక్కన ఇంగ్లీషు అక్షరాలేవో ఉన్నాయి, అవి నాకు రావు. ఏడు వందల యాభై విన్న పిల్లకు రెండూ నాలుగూ ఒక లెక్కా అని ప్రాణం కుదుటపడింది.

అయినా చెవి మిషను సరిగ్గా కూర్చోవడానికి చెవికి అచ్చు తీయాలి, సోమవారం రమ్మన్నారు. అదే రోజు దానికి చెవులు కుట్టించాలని అత్త ముహూర్తం పెట్టింది కదా. ఏం చేయమంటారు?

మీ సుగన్య

గుడియాత్తం,
శుక్రవారం

నా సుగన్యకు,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించినాను. "ఏడు వందల యాభై వినిందా! నీకు ఏడు కూడా వినబడదు కదరా. మిషను నువ్వు పెట్టుకో!" అని ఒకటే నవ్వు.

అరక్కోణం నుంచి మీ అన్న వినోద్‌కుమార్ కమ్మలు తీసుకుని వస్తున్నాడు. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టే కుట్టించాల. మళ్లీ అతనికి సెలవు దొరకదు. ఆసుపత్రి యాడికీ పోదు. ఆదివారం బస్సుకు వచ్చేయండి.

నా చెవుడే దానికి వచ్చిందేమోనని ఇన్నాళ్లూ భయపడినాను. ఎవరికీ చెప్పలేదు. ఈ రోజు అన్నం సయించింది.

నీ కాశి

వేలూరు,
తర్వాతి శనివారం

ప్రియమైన మామకు,

కుట్టిన ఎడమ చెవికి చీము పట్టిందని మేఘనను మళ్లీ ఇక్కడికి తెచ్చినాను కదా. నిన్న ఇక్కడ మేం దిగిన ఇంటి పక్కన ఉండే కలైయరసి ఆ పరీక్ష కాగితం చూసింది. ప్లస్ టూ చదివే పిల్ల.

"అక్కా, ఇది రెండు కాదు. రెండు కిలోహెర్ట్జ్."

"కిలో అంటే బియ్యం తూకం కదమ్మా?"

"బియ్యానికైనా శబ్దానికైనా కిలో అంటే వెయ్యే అక్కా" అని పైన ఫ్యాను చూపించింది. అది నిమిషానికి మూడు వందల చుట్లు తిరిగితే, అరవైతో భాగించాలంట. సెకనుకు అయిదు. అంటే అయిదు హెర్ట్జ్. శబ్దం కూడా అట్లా సెకనుకు ఇన్నిసార్లని అదురుతుందంట. 2 అంటే రెండు వేలు, 4 అంటే నాలుగు వేలు. ఎక్కువసార్లు అదిరితే సన్నని శబ్దం. స, శ లాంటివి అక్కడే ఉంటాయంట.

మామా, అది సబ్బును 'అబ్బు' అంటే ముద్దొచ్చి, మనమందరం అబ్బు అనే అన్నాం. వినబడనిది ఎట్లా పలుకుతుంది?

పొద్దున్నే ఆసుపత్రికి పరుగెత్తినాను. చెవి మానేదాకా అచ్చు తీయరంట. ఆ తర్వాత మన వరుస వచ్చేది నలభై రోజులకు. "ఈ వయసులో ఒక్కో నెలా లెక్కేనమ్మా" అనింది పరీక్ష చేసినామె. కోప్పడినా బాగుండు. వరండాలో పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం తప్ప నాకేమీ చేతకాలేదు. మోతకు పోయిన చెవులు పిల్లలకు రావని ఆమే చెప్పింది. మీరు ఆ భయం వదిలేయండి.

ఇంకొకటి. దాని తొడమీద కమిలిన మచ్చను చూసి అత్త అడిగితే, చీమ కుట్టిందని చెప్పినాను. చెప్పిన పని చేయలేదని నేనే గిల్లినాను. పొగరనుకున్నాను.

చదివినాక దీన్ని కాల్చేయండి. అత్త చూస్తుందని కాదు. మిషను పెట్టి, మాటలొచ్చి, బడికి పోయి, అది చదవడం నేర్చుకున్న రోజున ఈ కాగితం దాని చేతికి చిక్కకూడదు.

మీ సుగన్య