తొమ్మిదింటి ఆటలో డప్పు లేదు

2 నవంబర్, ఆదివారం

ఒక శవం మీద డప్పులు మోగించి, జనం చేత ఈలలు వేయించుకున్నాడు. చేసినవాడు దర్శకుడు చెన్నకేశవులు. పేరు రాసి పెడుతున్నాను.

ఢిల్లీ వసంత్ కుంజ్ మాల్‌లో ఆ సినిమా హిందీ డబ్బింగ్ చూశాను. తెలుగు ప్రింటు ఆర్.కె. పురం వైపు ఒక్క హాల్లోనే, ఆదివారం పొద్దున తొమ్మిదింటికి. ఎవడు లేస్తాడు? కథ మొదటి ప్రపంచ యుద్ధం. స్ట్రెచర్ మోసే మన కోస్తా మనిషి శత్రువు శవం పక్కన కూర్చుని తలపాగా విప్పుతాడు. వెంటనే డప్పులు. హాలంతా లేచి నినాదాలు. ఆ తలల వెనక తెర కూడా కనబడలేదు. ఇది పొరపాటు కాదు, ప్లాన్. యుద్ధాన్ని ఎలా అమ్ముతారో కరపత్రాల్లో ఎప్పుడో చదివాను.

3 నవంబర్

దర్శకుడు అది ఏడుపు సీను అన్నాడట ఇంటర్వ్యూలో. చెప్పింది నా రూమ్మేట్ సిలాసు. ఇంటర్వ్యూ కూడా పబ్లిసిటీయే అన్నాను. వీడికి ఆ సినిమా మీద అంత ప్రేమ దేనికి?

5 నవంబర్

సిలాసు బాల్కనీలో ఫోన్ మాట్లాడుతూ నన్ను చూసి గొంతు తగ్గించాడు. ఆదివారం, టికెట్ అన్న మాటలు మాత్రం వినబడ్డాయి. నా సంగతి ఎవరికి చేరవేస్తున్నాడు?

8 నవంబర్

కరపత్రం రెండు వందల కాపీలు. 'ఈ సినిమా చూడడమంటే యుద్ధానికి చందా ఇవ్వడమే.' వాక్యం నాదే.

9 నవంబర్, ఉదయం 8:50

తెలుగు ప్రింటు ఆడే హాలు గేటు దగ్గర పంచుతున్నాను. నర్సు యూనిఫాంలో ఒకావిడ కాగితం మొత్తం చదివింది.

"నువ్వు చూశావా బాబూ?"

చూశానాంటీ అన్నాను.

"అయితే నాకెందుకులే నాయనా" అని మెట్రో వైపు తిరిగి వెళ్లిపోయింది. మొదటి విజయం.

అదే రోజు, మధ్యాహ్నం

ఆవిడ సిలాసు వాళ్లమ్మ, ఫ్లోరా ఆంటీ. ఫరీదాబాద్ ఆసుపత్రిలో డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. ఆమె తాతగారి నాన్న ఆ యుద్ధంలోనే, ఇరాక్‌లోని బస్రాలో స్ట్రెచర్ మోస్తూ పోయాడు. ఇంట్లో ఫోటో కూడా లేదు. వారమంతా బాల్కనీలో ఫోన్లు ఈ టికెట్ గురించే.

సిలాసు తొమ్మిదింటికి వచ్చి ఆమె కోసం గేటంతా వెతికాడు. జరిగింది చెప్పాను. తిట్టలేదు. "సీటు ఖాళీగా ఉంది. రా సాయీ. ఈసారి మొత్తం చూడు" అన్నాడు.

ఆమె సీట్లో కూర్చున్నాను. తెలుగు ప్రింటులో డప్పు లేదు. ఆ మనిషి తలపాగా విప్పి శత్రువు ముఖం మీద కప్పుతాడు. గాలి చప్పుడు. అంతే. డప్పు హిందీ డబ్బింగ్‌వాళ్లు కలిపినదే.

అయినా వెనక వరసలో ఎవడో ఈల వేశాడు. మరొకడు నినాదం ఎత్తుకున్నాడు. హాలంతా అందుకుంది. మరి ఈ ఈల ఎవరు కలిపారు?

11 నవంబర్

ఫరీదాబాద్ వెళ్లాను. ఆంటీ టీ ఇచ్చింది. తప్పు ఒప్పుకున్నాను. వచ్చే ఆదివారమే ఆఖరి ఆట. వస్తానంది, కానీ ఒక మాట అంది. "అక్కడ ఈలలేస్తే మాత్రం కూర్చోలేను నాయనా. అది మా ఇంటి శవం లాంటిది."

చచ్చినవాడు శత్రువు కదా అనబోయి ఆగాను.

14 నవంబర్

మిగిలిన కరపత్రాల వెనక చేత్తో రాశాను: సగం సీను చూసి మొత్తం తీర్పు ఇచ్చాను. కింద నా పేరు, సాయినాథ్. సిలాసు సగం పంచాడు. వాడిని అనుమానించినందుకు ఇంకా క్షమాపణ చెప్పలేదు.

15 నవంబర్

నా దగ్గర మిగిలిన కాగితాల మీద ఇదీ చేర్చాను: రేపు ఉదయం ఎనిమిదిన్నర, అదే గేటు. తలపాగా విప్పే నిమిషంలో ఈల వేయకుండా కూర్చోగలిగినవాళ్లందరూ రండి. వెనక వరసలు మనవే.