కూజా లోపలి గీతలు

ఇందుమూలంగా ఇంట్లోని సమస్త కుండలకు, మూతలకు, మూత పోగొట్టుకున్న కుండలకు తెలియజేయడమేమనగా: అమ్మ పీట మీద ఇకపై పిల్లి ఒక్కటే కూర్చోవలెను. నీ అల్లుడు రెండుసార్లు కూర్చుని రెండుసార్లూ రక్కించుకున్నాడు కనుక ఈ ఉత్తర్వు.

అమ్మకు, నీ చిన్నది దండం పెట్టి రాసేది. పిల్లి, నేను, నీ అల్లుడు, ఈ వరసలోనే బాగున్నాం. నువ్వూ అక్కా పోట్లాడుకోకుండా ఉన్నారనుకుంటాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. బట్టీ కప్పు కారడం లేదు. భుజం నొప్పి తగ్గలేదు. చెయ్యి చెవి దాటి పైకి లేవదు. జడ కూడా నీ అల్లుడే వేస్తున్నాడు, గుర్రం తోకలా ఉంటోంది. "ఆ మోటారు పీకేసి మళ్ళీ కర్రతో తిప్పే కుమ్మరి సారె మీద కూర్చోవే" అని రాశావే, అది ఇక ఈ జన్మకి కాదు.

ఇక ముద్ర సంగతి. మన సరుకు తీసుకునే ఒకే ఒక్క దుకాణం, చేతిపని ముద్ర ఉంటేనే తీసుకుంటానంది కదా. ఆ ముద్ర కోసం చేతిపనుల సంఘం నుంచి ఒకాయన వచ్చాడు. ముక్కు చివర కళ్ళజోడు. మోటారు సారె చూడగానే, "ఇది మిషను పనమ్మా" అన్నాడు.

"తమరు బస్సులో వచ్చారా?" అన్నాను.

"అవును."

"అయితే వచ్చింది తమరు కాదు, బస్సు. కాఫీ దానికే ఇస్తాను."

ఆయన నవ్వలేదు. "తిప్పేది మోటారే. మట్టిని నిలబెట్టేది నా వేళ్ళు కాదా?" అన్నాను. నీ పాత కూజా ఒకటి, నాది ఒకటి పక్కపక్కన పెట్టి, "ఏది కర్ర సారె మీదదో చెప్పండి, చూద్దాం" అన్నాను. కళ్ళజోడు తుడుచుకుని, ఎత్తి, దించి, పావుగంట చూసి నాది చూపించాడు. అది మోటారుదని చెప్పేసరికి ఆయన మొహం మాడిపోయింది. అయినా ముద్ర ఇవ్వలేదు. రూలు రూలేనట.

దుకాణం వాళ్ళు ఉన్న సరుకు కూడా వెనక్కి పంపేశారు. సోమవారం నుంచి టైల్సు ఫ్యాక్టరీకి వెళ్తున్నాను. బెల్టు మీద వచ్చేవాటిలో పగిలినవి ఏరి పడెయ్యాలి. తప్పులు పట్టే పని, నాకు తగినదే. తొట్టిలో మిగిలిన మట్టి మీద రోజూ తడిగుడ్డ మారుస్తున్నాను, ఎందుకో అడక్కు.

ఇక్కడ అక్కని చదవడం ఆపమను. కళ్ళు నొప్పెట్టినా మిగతాది నువ్వే చదువుకో.

పరీక్ష సంగతి విన్నాక నువ్వు ఊరుకోవు. "నా పనికీ మా చిన్నదాని పనికీ తేడా పట్టలేకపోయాడట" అని ఆ వీధంతా చెప్పుకుంటావు. సంఘానికి ఉత్తరం కూడా రాయిస్తావు. రాయించకు. ఆయన పొరబడ్డాడన్నది నేను అల్లింది. పావుగంటా లేదు, కళ్ళజోడు తుడుచుకోవడమూ లేదు. రెండు కూజాల్లోనూ చెయ్యి పెట్టి, మట్టి మీద మన వేళ్ళు వదిలిన లోపలి గీతలు తడిమాడంతే. కర్ర సారె మెల్లబడేకొద్దీ నీ గీతలు మెడ దగ్గరికొచ్చేసరికి ఎడంగా సాగుతాయి. నావి అడుగు నుంచి అంచు దాకా ఒకే ఎడం. "ఇది" అన్నాడు, నీది పట్టుకుని.

ఆయన వెళ్ళాక నేనూ కళ్ళు మూసుకుని తడిమి చూశాను. నాకూ తెలిసిపోయిందమ్మా.

ఇట్లు,
నీ చిన్న కూతురు